కార్స్ 2 కథని తెలుగులో ఆడియో చేస్తున్నా, మేటర్ మన యాసలో మాట్లాడితే బాగుంటదా?

సీ-షిఫ్ట్ నాన్న (గాజువాక) అడిగినది:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిక పట్టండి.

మా పాపకి ఆరేళ్ళు. రెండు నెలల కిందట జగదాంబ వైపు వెళ్ళినప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెట్టుకున్నాయన దగ్గర కార్స్ 2 (కార్లే మనుషుల్లా మాట్లాడే బొమ్మల సినిమా) రీడ్-అలాంగ్ పుస్తకం కనబడింది, 40 రూపాయలు, వెనక అట్టకి అంటించిన కవర్లో సీడీ కూడా ఉంది. తెలీనోళ్ళకి చెప్తున్నా, అది బొమ్మల పుస్తకమే కానీ సీడీలో అదే కథ ఒకళ్ళు చదువుతుంటారు, వెనకాల సౌండ్లు, మ్యూజిక్కు, పేజీ తిప్పాల్సినప్పుడు ఒక శబ్దం వస్తది, పిల్లలు తిప్పుకుంటారు. చదవడం రాని పిల్లలు కూడా చదివేస్తున్నామని ఫీలైపోతారు, అదే దాంట్లో కిక్కు.

ఈ రోజుల్లో సీడీ ఎక్కడ పెడతాం, లాప్‌టాప్‌కి డ్రైవే లేదు, మా బావమరిది ఇంట్లో అటక మీద పడున్న డీవీడీ ప్లేయర్ దింపించి తుడిచి పెట్టాను. టోక్యో దాకా బానే నడిచింది, అక్కడ గీతలు పడిపోయి టో-టో-టో-టో అని పట్టేసుకుంది. మొదటిసారి పాప పడీపడీ నవ్వింది. మూడోసారికి ఏడుపు. ఇంక మిగతా కథ నేనే చెప్పడం మొదలెట్టాను, సినిమా చూసున్నాను కదా, ఇంగ్లీషు పక్కన పడేసి తెలుగులో. అది ఇప్పుడు ఏ స్టేజికొచ్చిందంటే ఆ కథ వినకపోతే నిద్రపోదు. నాకేమో వారం మార్చి వారం సీ షిఫ్టు, రాత్రి పదికి గేట్లో ఉండాలి. అందుకని ఫోన్లో రికార్డు చేసి పెట్టేస్తే వాళ్ళమ్మ ప్లే చేసేస్తది కదా అని అనుకున్నాం.

ఇక్కడే గొడవ. ఆ సినిమాలో హీరో నిజానికి రేసు కారు మెక్వీన్ కాదు, తుప్పు పట్టిన టోయింగ్ ట్రక్కు మేటర్. (అసలు మేటర్ ఏంటంటే, అని మా ఇంట్లో రోజుకి పదిసార్లు జోకు.) వాడు ఇంగ్లీషులో పక్కా పల్లెటూరి యాస మాట్లాడతాడు. నేను పుట్టింది చీపురుపల్లి పక్కన, నా నోట్లోంచి మేటర్ మాటలు వద్దన్నా మా ఊరి యాసలోనే వచ్చేస్తున్నాయి. "నానేటి సేసినాను, నాకేటి తెలుసు" ఇలాగ. పాపకి భలే నచ్చేసింది. మా ఆవిడది భీమవరం, ఆవిడ ఏమంటదంటే రేపు స్కూల్లో కూడా అలాగే మాట్లాడితే టీచర్ ఏమనుకుంటది, చక్కటి తెలుగులో చెప్పొచ్చు కదా అని. నాకు కొంచెం చివుక్కుమంది కానీ ఏమన్లేదు.

రెండో సంగతి, మొదట్లోనే సముద్రం మధ్యలో ఆయిల్ రిగ్గు దగ్గర ఒక గూఢచారి కారుని నలిపేసి దిమ్మలా చేసేసుంటారు. పాప "అది చచ్చిపోయిందా నాన్నా?" అనడిగింది. అది ఉంచాలా తీసెయ్యాలా? గంటా నలభయ్యారు నిమిషాల సినిమాని పడుకునే టైముకి ఒక పావుగంటలో ఎలా కుదించాలి? ఎవరైనా ఇలాంటివి చేసినోళ్ళుంటే చెప్పండి.

—

రేడియో పిచ్చోడు:

గురూ నువ్వు అడుగుతున్నది మనకి కొత్తేం కాదు. సంక్షిప్త శబ్దచిత్రం గుర్తుందా? రెండున్నర గంటల సినిమా సౌండ్‌ట్రాక్‌ని రేడియోలో గంటలో వినిపించేసేవాళ్ళు. మా నాన్నమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతూ సినిమా మొత్తం చూసేసినట్టే చెప్పేది, హాలుకి వెళ్ళకుండానే. అందులో కీలకం మధ్యలో వచ్చే ఆ కామెంటరీ గొంతు. ఫైటింగ్ అంతా ఎగిరిపోయేది, "ఇంతలో అక్కడికి చేరుకున్న రాజు..." అని ఒక్క ముక్కతో అతికించేసేవాళ్ళు.

నువ్వు కూడా అదే చెయ్యి. గూఢచారి సినిమా ఆడియోలో పెడితే వచ్చే చిక్కేంటంటే అందులో సగం చూపు మీద నడుస్తది, మారువేషం, గాడ్జెట్టు, వెనకాల ఎవరో తొంగి చూడ్డం. చెవికి అవేవీ తెలీవు. కాబట్టి ప్రతి సీను మొదట్లో ఎక్కడున్నాం, ఎవరున్నారు అన్నది ఒక్క వాక్యంలో చెప్పేసి తర్వాత మాటలు వదిలెయ్. "టోక్యోలో పెద్ద పార్టీ. మేటర్ బాత్రూంలోకి వెళ్ళాడు. లోపల అమెరికా గూఢచారిని ఇద్దరు దొంగ కార్లు పట్టుకున్నాయి." అయిపోయింది. ఆ గూఢచారి తన దగ్గరున్న చిన్న వస్తువుని మేటర్‌కి తెలీకుండా మేటర్‌కే అంటించేస్తాడు, అక్కణ్ణుంచి బ్రిటిష్ గూఢచారులు ఫిన్ మెక్‌మిసైల్, హాలీ ఇద్దరూ మేటరే ఆ అమెరికా ఏజెంటు అనుకుంటారు. కథ మొత్తానికి ఇదొక్కటే ఇరుసు, ఇది పిల్లకి అర్థమైపోతే మిగతాది ఎంత కోసినా పర్లేదు. ఇటలీ కాసినో, రేసు పాయింట్లు, ఎవడు ఎన్నో ప్లేసు, అన్నీ ఎత్తెయ్.

ఇంకో మాట, ఈ సినిమా క్లైమాక్సు ఆడియోకే పుట్టినట్టుంటది చూడు. మేటర్‌కి బాంబు బిగించేస్తారు, ఆన్ చేసినవాడి గొంతు వింటేనే ఆగుతుంది. విలన్ ఎవరో మేటర్‌కి తెలిసిపోయి ఇంగ్లండు రాణి ముందుకెళ్ళి నిలబడతాడు, టైము తగ్గిపోతూ ఉంటది, ఆఖరికి ప్రాణభయంతో ఆ విలన్ ఆక్సిల్‌రాడే అరిచి ఆపేస్తాడు. అంటే దొంగని పట్టించింది వాడి గొంతే! బొమ్మ అక్కర్లేదు దీనికి. ఆ ఒక్క సీనుకి ఐదు నిమిషాలు ఇచ్చెయ్, మిగతా అంతా పది నిమిషాల్లో లాగెయ్.

నలిపేసిన కారు సంగతి, అది మొదట్లో పెట్టకు. తీసెయ్యమనట్లేదు. ముందు మేటర్ పరిచయం అవ్వాలి, చెవికి ఒక స్నేహితుడు దొరకాలి, అప్పుడు భయపెట్టినా పట్టుకోడానికి ఎవరో ఒకరుంటారు.

—

పెదవాల్తేరు నుంచి ఒకమ్మ:

నేను యాస గురించే రాస్తున్నాను, కొంచెం ఘాటుగా ఉంటే ఏమనుకోకండి.

మీ ఆవిడగారు చెప్పిన కారణం నాకు నచ్చలేదు కానీ యాస వద్దు అనే మాట మీద నేనూ ఆవిడ వైపే. మాది టెక్కలి. సినిమాల్లో మన యాస ఎవరికి పెడతారు? పనమ్మాయికి, వాచ్‌మన్‌కి, హీరో పక్కన తన్నులు తినేవాడికి. హీరో మాత్రం విజయనగరంలో పుట్టినా విజయవాడ తెలుగే మాట్లాడతాడు. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు "ఏటి" అంటే చాలు గదిలో అందరూ ఒకటే నవ్వు, ఇంకోసారి అను ఇంకోసారి అను అని. మూడు నెలల్లో మానేశాను. ఇప్పటికీ మా అమ్మతో ఫోన్లో తప్ప బయట రాదు. ఇప్పుడు మీరు కూడా తుప్పు బండికీ, తెలివితక్కువోడికీ ఆ యాస పెట్టి, స్టైలుగా ఉండే ఫిన్‌కీ హాలీకీ పుస్తకం తెలుగు పెడితే పాపకి ఏం అర్థమౌతుంది? ఎవరు ఎలా మాట్లాడితే ఎలాంటివాళ్ళో అన్నది.

రావిశాస్త్రిగారు మన విశాఖ కోర్టులో ప్లీడరు పని చేస్తూ, సాక్షులూ ముద్దాయిలూ మాట్లాడే మాటని కథల్లోకి తెచ్చారు, చదివినవాడికి ఆ మనుషుల మీద నవ్వు రాదు, గుండె పట్టేస్తుంది. మాటలో లేదండి కామెడీ, పెట్టేవాడి చూపులో ఉంది.

—

సీ-షిఫ్ట్ నాన్న:

అమ్మా మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. నిజమే, నేను ఇంత ఆలోచించలేదు, నోటికొచ్చింది చెప్పేశాను అంతే.

కానీ ఒకటి. ఆ సినిమాలో అసలు విషయం కూడా అదే కదా. మధ్యలో మేటర్‌కి స్పృహ తప్పినప్పుడు పార్టీలో తను చేసిన వెధవ పనులన్నీ గుర్తొచ్చి, అందరూ నాతో కలిసి నవ్వట్లేదు, నన్ను చూసి నవ్వుతున్నారు అని అప్పుడు అర్థమౌతుంది వాడికి. పాప ఆ చోట రోజూ సైలెంటైపోతది. మీ హాస్టల్ సంగతి చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. మరి వాడికి ఆ యాస లేకపోతే ఆ బాధ ఎక్కణ్ణుంచి వస్తది?

—

పెదవాల్తేరు నుంచి ఒకమ్మ:

సరే, ఇది ఒప్పుకుంటాను. అయితే ఒక షరతు. రాణి ముందు మేటర్ విలన్ గుట్టు విప్పేటప్పుడు కూడా అదే యాస ఉండాలి. మనవాళ్ళు చేసే తప్పు ఇదే, అమాయకుడు తెలివైన మాట చెప్పే టైముకి టక్కున గ్రాంథికంలోకి ఎక్కించేస్తారు, తెలివి రాగానే యాస పోవాలన్నట్టు. అలా చెయ్యకండి. "ఇదేటండీ బాబూ, ఈ బోల్టు మన పానాలకి లొంగదు, ఇలాటిది నాను ముందే సూసినాను" అని ఆ యాసలోనే దొంగని పట్టుకోవాలి. అక్కడ మీ గొంతులో నవ్వు ఉండకూడదు, కథ చెప్పే గొంతులో కూడా. అప్పుడు మీ ఆవిడగారికి నేను చెప్తాను.

ఇంకోటి, వసాబి సీను ఉంచండి ప్లీజ్, మేటర్ దాన్ని పిస్తా ఐస్‌క్రీం అనుకుని దోసెడు తినేస్తాడు చూడండి. పాపకి వసాబి తెలీదు, జపాన్‌లో చేసే పచ్చడి, పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైతే ముక్కులోంచి నసాళానికి ఎక్కుతుందే అలాగ అని చెప్పండి. ఊరికే పోలిక కాదు, రెండింటి ఘాటూ ఒకటే రకం, నాలిక మీద కాదు ముక్కులో మండుతుంది.

—

రిటైర్డ్ ఫిట్టర్:

బాబూ, బోల్టు అన్నారు కాబట్టి ఆగలేక రాస్తున్నాను. సినిమా మా మనవడితో కూర్చుని చూశాను. పిల్లల సినిమాయే గానీ ఆ బోల్టు సంగతి రాసినవాడు పని తెలిసినవాడు.

అది విట్‌వర్త్ బోల్టు. జోసెఫ్ విట్‌వర్త్ అని ఇంగ్లండు ఇంజనీరు, 1841లో మొదటిసారి మరలన్నిటికీ ఒకే కొలత అని తెచ్చాడు. అంతకుముందు ఏ వర్క్‌షాపు మర దానిదే, ఇక్కడ నట్టు అక్కడ బోల్టుకి ఎక్కదు. మరకి కోణం 55 డిగ్రీలు, ఇప్పుడు మనం వాడే మెట్రిక్‌కి 60. నేను యార్డులో చేరినప్పుడు ఇంగ్లండు నుంచి వచ్చిన పాత లేత్‌లు, పంపులు ఉండేవి, వాటి నిండా ఇవే. పానా మీద రాసిన అంకె చూసి మోసపోయేవాళ్ళం, మామూలు పానా మీద రాసేది నట్టు తల వెడల్పు, విట్‌వర్త్ పానా మీద రాసేది బోల్టు లావు. పావంగుళం పానా అంటారు, తీరా నోరు కొలిస్తే 13.3 మిల్లీమీటర్లు. 13 పానా ఎక్కదు, 14 పానా ఎక్కుతుంది గానీ గట్టిగా లాగితే జారిపోద్ది, మూలలు అరిగిపోతాయి, మేస్త్రీ చేత తిట్లు. అరంగుళం బోల్టు అయితే ఇంకో తిరకాసు, విట్‌వర్త్‌కి అంగుళానికి 12 మరలు, అమెరికా బోల్టుకి 13. రెండు మూడు చుట్లు చక్కగా తిరుగుతుంది, తర్వాత బిగుసుకుపోతుంది. బలవంతం చేశావా మర పోయినట్టే.

సినిమాలో ఆ చిన్న బండి, టైర్లు మార్చేవాడు, మేటర్‌కి బిగించిన బాంబు విప్పడానికి తన దగ్గరున్న పానాలన్నీ పెట్టి చూస్తాడు, ఒక్కటీ పట్టదు. అక్కడే మేటర్‌కి వెలుగుతుంది, గూఢచారులు చూపించిన ఫొటోలో ఉన్న విలన్ ఇంజనుకీ ఇవే బోల్టులు కదా అని. అంతమంది పెద్ద గూఢచారులు, రాకెట్లు, కళ్ళద్దాలు, కంప్యూటర్లు ఉండి కూడా పట్టుకోలేనిది ఒక షెడ్డు మనిషి పట్టుకున్నాడు. మా మనవడికి అది దాటిపోయింది, నేను పాజ్ చేసి మరీ చెప్పాను. నీ ఆడియోలో ఆ పానాలు పట్టకపోవడం మీద కొంచెం సేపు ఉండు నాన్నా. తొందరపడకు. పానా జారిన చప్పుడు ఒకటి ఉంటుంది, టంగ్ అని కాదు, "టక్... ష్రక్" అని, చెయ్యి వెళ్ళి ఇనుముకి కొట్టుకుంటుంది. మా తరం వాళ్ళకి ఆ చప్పుడు వింటే ఇప్పటికీ వేలి కణుపు నొప్పెడుతుంది.

—

మధురవాడ ఎడిటింగోడు:

అన్నా, రెండు ముక్కలు. ఇంట్లో పాప కోసం చేసుకుంటే ఎవరూ ఏమనరు, మన 1957 కాపీరైట్ చట్టంలోనే సెక్షన్ 52లో సొంత వాడకానికి చోటుంది. కానీ బాగా వచ్చింది కదా అని యూట్యూబ్‌లో పెట్టేవు, ఆ పాత్రలు వాళ్ళవి, కథని వేరే రూపంలోకి మార్చే హక్కు కూడా వాళ్ళదే. స్కూల్ వాట్సాప్ గ్రూపులో కూడా వద్దు, అక్కణ్ణుంచి ఎటు పోద్దో ఎవడికి తెలుసు.

రికార్డింగుకి ఫ్యాను ఆపు, ఫ్రిజ్ ఆపు (తర్వాత మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోకు, నేను మర్చిపోయి ఒకసారి రెండు లీటర్ల పాలు పోగొట్టాను), బట్టల బీరువా తలుపులు తీసి దానివైపు తిరిగి మాట్లాడు, బట్టలు ప్రతిధ్వని తినేస్తాయి. ఫోను నోటికి ఎదురుగా కాదు, కొంచెం పక్కకి. సముద్రం సౌండుకి బీచ్‌కి పొద్దున్నే వెళ్ళు, ఫోను మైకు మీద చేతిరుమాలు రెండు మడతలేసి కట్టు, లేకపోతే గాలి తప్ప ఏం రాదు. ఆయిల్ రిగ్గు దగ్గర ఫిన్ పడవ మీద వస్తాడు కదా, ఫిషింగ్ హార్బర్‌లో ఇంజన్ బోటు బయల్దేరేటప్పుడు తీసిన సౌండు చాలు, టుకుటుకుటుకు అని, సూపరుంటది.

పేజీ తిప్పే గంటకి స్టీలు గ్లాసు సగం నీళ్ళు పోసి చెంచాతో కొట్టు. పాత రోజుల్లో డిస్నీవాళ్ళు చిన్న రికార్డులు, పుస్తకాలు కలిపి అమ్మినప్పుడు టింకర్ బెల్ అనే బుల్లి దేవకన్య గంట మోగితే పేజీ తిప్పమనేవాళ్ళు, అదే పద్ధతి ఇప్పటిదాకా వస్తంది.

ఆఁ, ఇంకోటి. పాపని ఓసారి ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌లోకి తీస్కెళ్ళు, చూసుంటే ఇంకోసారి. 1969 నుంచి 2001 దాకా నేవీలో ఉంది, 2002 నుంచి మ్యూజియం. లోపల నడిచేటప్పుడు పాపకి చెప్పు, శత్రువు దగ్గర్లో ఉంటే ఇందులో అందరూ గుసగుసగానే, గరిటె కింద పడినా ప్రమాదమే, ఎందుకంటే నీళ్ళలో ఒకళ్ళనొకళ్ళు చూసుకోరు, వింటారు. తర్వాత నీ కథలో ఫిన్ దాక్కున్నచోట నాలుగు సెకన్లు ఏ సౌండూ పెట్టకు. చూడు ఊపిరి బిగబట్టుద్ది.

—

సీ-షిఫ్ట్ నాన్న:

పది రోజులైంది, అప్‌డేట్ ఇవ్వకపోతే తిడతారని వచ్చాను.

మొత్తం 17 నిమిషాలొచ్చింది. మేటర్ మన యాసే, మొదట్నుంచి ఆఖరిదాకా, రాణి ముందు కూడా. ఫిన్‌కి మా ఆవిడ చేత చెప్పించాను, భీమవరం గొంతులో బ్రిటిష్ గూఢచారి, "ఆయ్, మీరు మాతో రావాలండీ" అంటుంటే నాకు నవ్వాగలేదు, మూడు టేకులు పోయాయి. ఆవిడకీ నచ్చేసింది అనుకుంటా, ఇప్పుడు హాలీ కూడా తనే చేస్తానంటోంది. పెదవాల్తేరు అమ్మగారి మెసేజ్ చూపించాను, చదివి ఏమీ అన్లేదు, కానీ నిన్న కూర కలుపుతూ "ఇదేటండీ బాబూ" అని తనే అంది.

నలిగిన కారు మధ్యలో పెట్టాను, ఒక్క వాక్యం, "ఫిన్ స్నేహితుడు ఇంక లేడు" అని. పాప "ఊఁ" అంది, అంతే. నేనే ఎక్కువ భయపడ్డాను. ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దం మాత్రం మొదటి రాత్రి తుస్సుమంది, ఫోన్ ఆగిపోయిందనుకుని పాప లేచి వాళ్ళమ్మని పిలిచిందంట. ఇప్పుడు అలవాటైంది, ఆ చోటు రాగానే వాళ్ళమ్మ నోటి మీద చెయ్యి పెడుతోందంట.

ఒక్క కంప్లైంటు. బాంబు ఆగిపోయిన సీను వెనకాల పక్కింటోళ్ళ కుక్కర్ మూడు విజిల్స్ పడ్డాయి, నేను చూసుకోలేదు. తీసేసి మళ్ళీ చేస్తానంటే పాప ఒప్పుకోట్లేదు, బాంబు ఆగితే అలాగే కూస్తదంట.

ఫిట్టర్ గారూ, పానా జారే చప్పుడు నాకు రాలేదండి. ఇంట్లో ఉన్న స్క్రూ డ్రైవరూ పట్టకారూ అన్నిటితో కొట్టి చూశాను, వంటింటి గొడవలా ఉంది తప్ప వర్క్‌షాపులా లేదు. ఎలా చెయ్యాలో చెప్పరా?

—

రిటైర్డ్ ఫిట్టర్:

దానికి కొట్టకూడదు నాన్నా, లాగాలి. నా దగ్గర పాత విట్‌వర్త్ పానాలు నాలుగున్నాయి, తుడిచి నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాను, పనికిరావని మా అబ్బాయి రెండుసార్లు పాత ఇనుముకి వెయ్యబోయాడు. వైస్ కూడా ఉంది. ఈ ఆదివారం సాయంత్రం నాలుగు తర్వాత పాపని తీసుకుని రా, సింధియా జంక్షన్ దాకా వచ్చి ఇక్కడే మెసేజ్ పెట్టు, నేనొచ్చి తీసుకెళ్తాను. పాప చేతే లాగిద్దాం. చేతికి గుడ్డ చుట్టుకోవాలి, అది ముందే చెప్పు.